రైలుబడి, అడవి, మునెమ్మ: ఇంటిల్లిపాదీ చదువుకోవడానికి ఏది మేలు?

పన్నెండు, పదమూడేళ్ల పిల్లలున్న ఇంట్లో పెద్దలూ పిల్లలూ ఒకే పుస్తకం చదివి దాని గురించి మాట్లాడుకోవాలంటే ముందుగా ఏ నవలను అందుకోవాలి? ఈ మధ్య వరుసగా చదివిన మూడు పుస్తకాలను ఈ ఒక్క ప్రశ్నతోనే తూచి చూస్తున్నాను. మొదటిది జపాను రచయిత్రి తెత్సుకో కురొయానాగి పుస్తకానికి తెలుగు అనువాదమైన ‘రైలుబడి’. తక్కిన రెండూ మన చిత్తూరు జిల్లా తలుపులపల్లిలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాసిన డాక్టర్ కేశవరెడ్డివి: ‘అతడు అడవిని జయించాడు’, ‘మునెమ్మ’. రైలుబడి పిల్లలదనీ, కేశవరెడ్డి నవలలు పెద్దలవనీ అందరూ అనుకునేదే. ఆ గీతను ఉన్నదున్నట్టుగా ఒప్పుకోవడానికి మాత్రం నాకు మనసు రాలేదు.

‘రైలుబడి’ జపనీస్‌లో 1981లో వెలువడింది. అందులోనిది రచయిత్రి సొంత బాల్యమే అయినా కథనం నవలలాగే సాగుతుంది. అల్లరి భరించలేమని మొదటి తరగతిలోనే ఒక బడి వాళ్లు పంపించేసిన తొత్తోచాన్, పాత రైలు పెట్టెలే తరగతి గదులైన తొమోయె బడిలో చేరుతుంది. చేరిన రోజున ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఆ పిల్ల చెప్పే కబుర్లను నాలుగు గంటల పాటు విసుగు లేకుండా వింటాడు. తనకెంతో ఇష్టమైన పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోయినప్పుడు ఆ పిల్ల పొడవాటి గరిటె తెచ్చి లోపలున్నదంతా బయటికి తోడుతుంటే, ఆయన కోప్పడడు, సాయానికీ రాడు. పని అయ్యాక మళ్లీ అంతా లోపల పోసేస్తావు కదా అని మాత్రం అడిగి వెళ్లిపోతాడు. ఎదుగుదల ఆగిపోయిన తకాహాషి అనే పిల్లవాడు గెలిచేటట్టుగా ఆటల పోటీలనే రూపొందించిన ఘట్టం, పోలియో సోకిన యసువాకిని తొత్తోచాన్ నానా అవస్థలు పడి చెట్టెక్కించిన ఘట్టం పిల్లలు మళ్లీ మళ్లీ చదివించుకుంటారు. అధ్యాయాలు చిన్నవి కావడంతో రాత్రి పడుకునే ముందు ఒకటి రెండు చదివి వినిపించడానికి ఇంతకంటే అనువైన పుస్తకం అరుదు.

అయినా ఎనిమిది, తొమ్మిదేళ్ల వారికి పనికివచ్చినంతగా ఇది పన్నెండేళ్ల వారికి పనికిరాదని నా అభిప్రాయం. కొబయాషి ఎప్పుడూ సరైన పనే చేస్తాడు. చదివే పిల్లలకు ఆయనతో పేచీ పడే అవకాశం ఒక్కచోటా దొరకదు. యసువాకి మరణం, చివర్లో 1945 నాటి బాంబుదాడిలో బడి తగలబడిపోవడం తప్పిస్తే కథలో గట్టి ఎదురుదెబ్బలు తక్కువ. నిజానికి ఈ పుస్తకం పిల్లల కన్నా తల్లిదండ్రులకే ఎక్కువ అవసరం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ తరగతులకు పిల్లలను పంపించే మన తిరుపతిలో, నాలుగు గంటలు ఊరికే విన్న ఆ మాస్టారు ముందుగా పెద్దలకే పరిచయం కావాలి.

‘అతడు అడవిని జయించాడు’ దారి వేరు. పందులను మేపుకుని బతికే ఒక ముసలివాడు, చూలుతో ఉన్న పంది మందతో పాటు తిరిగి రాకపోవడంతో దాన్ని వెదుక్కుంటూ చీకటివేళ అడవిలోకి వెళ్తాడు. ఆ రాత్రి అడవిలో జరిగేదే నవల. ఉపకథలు లేవు, ప్రేమకథ లేదు, పాత్రలను గుర్తుపెట్టుకోవడానికి కాగితం మీద రాసుకోవలసిన అవసరం అంతకన్నా లేదు. పెద్ద నవలలకు ఇంకా అలవాటుపడని పిల్లలు మొదటి పుట నుంచి చివరి పుట దాకా తమంతట తాము చదువుకుంటూ పోగల నిడివి, నడక దీనికున్నాయి. అమెరికా రచయిత హెమింగ్వే రాసిన ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’ నవలతో దీన్ని పోల్చేవారు ఉన్నారు. ఆ పోలిక కొంతవరకే పనికివస్తుంది. అక్కడి ముసలివాడు చేపతో తలపడతాడు. ఇక్కడి ముసలివాడు తాను సాకిన జీవాన్ని కాపాడుకోవడానికి వెళ్తాడు, ఈనిన ఆ పందేమో తన పిల్లల కోసం అతన్ని కూడా దగ్గరికి రానివ్వదు. కాపాడవచ్చిన మనిషిని శత్రువుగా చూడడంలో ఆ తల్లి తప్పేమిటన్న ప్రశ్నకు పుస్తకం తేలికైన జవాబు ఇవ్వదు. ఇక పేరులో ఉన్న గెలుపు నిజంగా గెలుపేనా అన్నది చదివినవాళ్లు వాదించుకుని తేల్చుకోవలసిందే, కనుక ముగింపు ఇక్కడ చెప్పడం లేదు.

తిరుపతి పిల్లలకు ఇది మరింత అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. మేడ ఎక్కితే శేషాచలం కొండలు కనిపించే ఊళ్లో పెరుగుతున్నా, వాళ్లకు అడవి అంటే ఎర్రచందనం దొంగల వార్తలు, చిరుతల భయం మాత్రమే. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి ప్రాణం కోల్పోయిన తరువాత, నడిచి కొండెక్కే భక్తులకు చేతికర్రలు ఇచ్చిన సంగతి మనం మరచిపోలేదు. ఆ భయం న్యాయమైనదే. కాని అడుగుజాడలు చూసి, చీకట్లో చప్పుడు విని, అడవిని తెలుసుకుంటూ అందులోనే బతికిన మనుషులు ఈ ప్రాంతంలో ఉన్నారని పిల్లలకు తెలియజేసేది ఈ నవలే. మరో మేలు కూడా ఉంది. రైలుబడి చదివేటప్పుడు జపాను సంగతులు అమ్మానాన్నలు వివరించాలి. దీన్ని చదివేటప్పుడు మందలు, ఈతలు, కాపలాల గురించిన సందేహాలు పల్లెలో పెరిగిన అవ్వనో తాతనో అడగాలి. చాలా ఇళ్లలో వాళ్లను పిల్లలు ఏమీ అడగడమే మానేశారు.

రక్తపాతం ఉంది కదా, పిల్లలకు ఎలా ఇస్తారని అభ్యంతరం రావచ్చు. ఉంది. కాని సరదా కోసం చేసిన హింస కాదది. ఆకలి, రక్షణ, భయం అన్న మూడింటిలోంచి పుట్టినది. పదేళ్ల లోపు వారికి వద్దు. పన్నెండు నిండిన వారికి, పెద్దలు ముందుగా ఒకసారి చదివి ఉన్న పక్షంలో, నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. ఈ మూడింటిలో ఒక్కటే కొనగలిగితే దీన్నే కొనమంటాను.

‘మునెమ్మ’ను మాత్రం ఈ ప్రశ్నకు జవాబుగా చెప్పలేను. ఇంట్లో పెరిగిన బొల్లిగిత్తను భర్త జయరాముడు చావబాది, అమ్మడానికి తోలుకుపోతాడు; గిత్త తిరిగి వస్తుంది, మనిషి రాడు. మునెమ్మ ఆ గిత్తతోనే బయలుదేరి, సంత దారి పట్టి, జరిగిన నేరాన్ని కూపీ లాగుతుంది. మూడింటిలోనూ ఊపిరి బిగబట్టి చదివించేది ఇదే. అయితే దంపతుల మధ్య అనుమానం, గిత్తకూ మునెమ్మకూ మధ్య ఉన్న అనుబంధాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న చిక్కు, పగ తీర్చుకోవడం న్యాయమా అన్న ప్రశ్న అన్నీ కలిసి వచ్చే నవల ఇది. విమర్శకులే దీని మీద తీవ్రంగా వాదించుకున్నారు. ఇంటర్ దాటిన పిల్లలు కేశవరెడ్డిని ఇంకా చదువుతామంటే అప్పుడు ఇవ్వవచ్చు. ఇచ్చే పెద్దలు మాత్రం జయరాముడు గిత్తను ఎందుకంత క్రూరంగా కొట్టాడన్న ప్రశ్న తప్పకుండా వస్తుందని తెలిసి, దాన్ని దాటవేయకుండా మాట్లాడడానికి సిద్ధపడి ఇవ్వాలి.