కచేరీలు చేసే గురువుల దగ్గర మూడేళ్ళు: ఒక వయొలిన్ విద్యాలయంపై సమీక్ష

నేను మూడేళ్ళుగా వారానికొక గంట వయొలిన్ పాఠం చెప్పించుకుంటున్న విద్యాలయం తన గురించి ఒక్క మాటే గట్టిగా చెప్పుకుంటుంది: తమ దగ్గర పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ వేదిక మీద వాయిస్తున్న కళాకారులే అని. ఆ మాట నమ్మి చేరాను. మొదటి 14 నెలలు ఒక ఉపాధ్యాయుని దగ్గర, ఆ తరువాత ఇప్పటివరకు ఒక ఉపాధ్యాయిని దగ్గర నేర్చుకున్నాను. పెద్దవయసులో వాయిద్యం చేతబట్టిన విద్యార్థికి గురువు కచేరీ జీవితం వల్ల ఏమి దక్కుతుందో, ఏమి దక్కదో ఈ మూడేళ్ళలో దగ్గరగా చూశాను. ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక విద్యాలయం పేరు రాయడం లేదు.

చేరేముందు అందరిలాగే నేనూ ఉపాధ్యాయుల పరిచయాలు చదివాను. ఫలానా కన్సర్వేటరీలో (పాశ్చాత్య సంగీత కళాశాలలో) పట్టా, ఫలానా విద్వాంసుని దగ్గర శిక్షణ, ఇన్ని దేశాల్లో కచేరీలు అన్న ధోరణిలో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. వాటిలో నేను మొదట గౌరవంతో చదివి, తరువాత అనుమానంతో చదవడం నేర్చుకున్న మాట 'దగ్గర శిక్షణ పొందారు' అన్నది. ఒక పరిచయంలో అయిదుగురు ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుల పేర్లు ఆ మాటతో కలిపి ఉన్నాయి. మర్యాదగా అడిగితే తెలిసినదేమిటంటే, అందులో ఇద్దరి దగ్గర మాత్రమే ఏళ్ళతరబడి నేర్చుకున్నారు; మిగిలిన ముగ్గురి ముందు ఒక్కొక్క మాస్టర్ క్లాసులో వాయించారు. మాస్టర్ క్లాసంటే సభ ఎదుట ఒక విద్యార్థి వాయించగా, పెద్ద విద్వాంసుడు అరగంటో ముప్పావుగంటో దిద్దడం. అది విలువైన అనుభవమే, ఒక్క సూచన ఏళ్ళపాటు గుర్తుండిపోవచ్చు. కాని వారం వారం అదే చేతిని చూసి, పోయిన వారం చెప్పినది ఈ వారం ఎంత కుదిరిందో గమనించి, కుదరనప్పుడు దారి మార్చి చెప్పే సంబంధం వేరు. రెండింటికీ ఒకే మాట వాడితే చదివేవారు మోసపోతారు. ఆ ఉపాధ్యాయుడు దాచకుండా చెప్పారు కనుక ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు. పరిచయం అచ్చువేసిన విద్యాలయం మీద మాత్రం తగ్గింది.

గురుపరంపరను నేను తేలికగా తీసుకోను. పియానోలో ఒక వరుస చూడండి: స్వరకర్త బేతొవెన్ దగ్గర చెర్నీ నేర్చుకున్నాడు. చెర్నీ దగ్గర లెషెటిట్స్కీ, లెషెటిట్స్కీ దగ్గర ఆర్తర్ ష్నాబెల్, ష్నాబెల్ దగ్గర 2020లో కన్నుమూసిన లియోన్ ఫ్లైషర్ నేర్చుకున్నారు. రెండు శతాబ్దాలకు నాలుగే మెట్లు. ఈ వరుసలో చెర్నీ కథ నాకు మరీ ఇష్టం. 1812లో వియన్నాలో బేతొవెన్ రాసిన అయిదవ పియానో కన్సర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యం ప్రధానంగా వాయించే రచనను) వాయించినవాడు, వేదికను నమ్ముకోగలిగిన సత్తా ఉన్నవాడు, అయినా బతుకంతా పాఠం చెప్పడానికీ స్వరరచనకూ ఇచ్చేశాడు. అతని శిష్యుల్లో ప్రఖ్యాత పియానో విద్వాంసుడు లిస్ట్ కూడా ఉన్నాడు. ఇలాంటి పరంపరలో చేతి నుంచి చేతికి అందేది ఏ స్వరం ఎందుకు అలా పలకాలన్న వివేచన. అది అరగంటలో అందేది కాదు కనుకనే పైన చెప్పిన తేడాను అంత పట్టుదలగా అడిగాను.

ఇక కన్సర్వేటరీ చదువు సంగతి. వాయిద్యంలో పట్టా అంటే సాధారణంగా నాలుగేళ్ళు, ఆపై చదువుకు మరో రెండేళ్ళు. వారానికొకసారి ప్రధాన గురువుతో ఒంటరి పాఠం, ఆర్కెస్ట్రా, ముగ్గురు నలుగురు కలిసి వాయించే చాంబర్ సంగీతం, స్వరజ్ఞానం, సంగీత శాస్త్రం, ఏడాది చివర పరీక్షకుల ముందు వాయించడం, పట్టా ముందు సోలో కచేరీ: ఇవీ అందులో ముఖ్యమైనవి. స్కేళ్ళు (స్వరాల వరుసలు), క్రూట్జర్ ఎటూడ్లు (సాధన కోసం రాసిన రచనలు), సోనాటాలు, కన్సర్టోలు రోజూ గంటల తరబడి సాధన చేస్తూ గడుస్తుంది. ఈ మొత్తంలో ఇంకొకరికి ఎలా నేర్పాలి అన్న పాఠానికి దక్కే చోటు చాలా కొంచెం. బోధనను ప్రత్యేకంగా ఎంచుకుని చదివినవారికి తప్ప, మిగిలినవారికి అది ఒకటి రెండు కోర్సులతో సరిపోతుంది. పరిచయంలో కచేరీల జాబితా ఎంత పొడవున్నా బోధనలో శిక్షణ ఉందో లేదో వేరుగా వెతుక్కోవాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

నా మొదటి ఉపాధ్యాయుడు ఒక ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాద్యకారుడు. అలాంటి ఉద్యోగం రావడం ఎంత కష్టమో ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. అనేక ఆర్కెస్ట్రాల ఆడిషన్లలో తొలి దశ తెర వెనుక జరుగుతుంది. వాయించేది ఎవరో పరీక్షకులకు తెలియదు. ఒక మోజార్ట్ కన్సర్టో, ఆపైన ఆర్కెస్ట్రా రచనల్లోంచి ఏరిన కొన్ని ముక్కలు వాయించాలి. రిచర్డ్ స్ట్రౌస్ 'డాన్ జువాన్' మొదటి పుట వయొలిన్ వారికి దాదాపు తప్పని పరీక్ష. ఆ పుటలోని నాలుగు వరుసల కోసం నెలల తరబడి మెట్రొనోమ్ (లయ కొట్టే పరికరం) పెట్టుకుని సాధన చేసిన మనిషి లయను ఎంత సూక్ష్మంగా వింటాడో నేను అనుభవించాను. నేను ఒక పదహారో వంతు తొందరపడినా ఆయన కనుబొమ్మ కదిలేది. ఈనాడు నాకు లయ మీద ఉన్న ఆ కాస్త పట్టు పూర్తిగా ఆయన పెట్టిన భిక్ష.

అయితే నా ఎడమచేతి బొటనవేలు వయొలిన్ మెడను గట్టిగా నొక్కిపట్టే దోషం ఎనిమిది నెలలైనా పోలేదు. 'వదులుగా ఉంచండి' అని ప్రతి పాఠంలోనూ చెప్పేవారు. వదులుగా ఎలా ఉంచాలో చెప్పలేకపోయేవారు. అయిదేళ్ళ వయసులో వాయిద్యం పట్టుకున్నవారికి ఆ వదులుతనం ఎప్పుడు వచ్చిందో గుర్తుండదు. తమకు ఎన్నడూ రాని కష్టానికి మందు చెప్పడం ఎవరికైనా కష్టమే. ఇది ఆయన లోపం అనను. పెద్దవయసు విద్యార్థుల శరీరాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు, నేర్పవలసిన విద్యాలయం ఆ పని చేయలేదు.

రెండో ఉపాధ్యాయిని కచేరీల జాబితా చిన్నది. ఎక్కువగా చాంబర్ సంగీతమే వాయిస్తారు, అప్పుడప్పుడు సోలో. కాని వాద్యంలో పట్టా తరువాత బోధనలో ప్రత్యేకంగా చదువుకున్నారు. మొదటి పాఠంలోనే నన్ను బొటనవేలు పూర్తిగా తీసేసి, వయొలిన్‌ను గడ్డం, భుజం, నాలుగు వేళ్ళతోనే నిలిపి ఒక తీగ మీద నెమ్మదిగా వాయించమన్నారు. బొటనవేలు పని బరువు మోయడం కాదని చేతికే తెలిసింది. మూడు వారాల్లో సగం దోషం పోయింది. ఇంతవరకే అయితే ఈ సమీక్ష 'బోధన చదివినవారు మేలు' అని ముగిసి ఉండేది. అసలు సంగతి ఆమె తన సోలో కచేరీకి సిద్ధమవుతున్న రెండు నెలల్లో జరిగింది.

ఆ రోజుల్లో ఆమె నా పాఠం మొదట్లో పది నిమిషాలు తన సాధన నాకు చూపించేవారు. స్వరపత్రం నిండా పెన్సిల్ గుర్తులు, చెరిపి మళ్ళీ రాసిన వేళ్ళ అంకెలు, కమాను దిశలు. నాలుగు కొలతల (స్వరపత్రంలో నిలువు గీతల మధ్య గడుల) భాగాన్ని సగం వేగంలో, తరువాత లయ మార్చి, తరువాత ఎడమచేయి లేకుండా ఖాళీ తీగల మీద కమాను మాత్రమే నడిపి సాధన చేసేవారు. నిపుణులు రచనను మొదటినుంచి చివరిదాకా మళ్ళీ మళ్ళీ వాయించుకుంటారని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఒక వారం ఆమె, 'పోయిన నెల మీకు చెప్పిన వేళ్ళ వరుస తప్పని నాకే అనిపిస్తోంది, నిన్న రాత్రి వేదిక వేగంలో వాయిస్తే అది నిలబడలేదు, మార్చుకుందాం' అన్నారు. తాను చెప్పినదాన్ని తానే సరిదిద్దే ఆ మాట ఆ వారం ఆమె స్వయంగా వాయిస్తూ ఉండబట్టే వచ్చింది. గురువు వేదిక మీద ఉండటం వల్ల విద్యార్థికి దక్కే మేలు ఇదేనని నా నమ్మకం.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. వయొలిన్ విద్వాంసుడు జోఆఖిమ్ శిష్యుడైన లియోపోల్డ్ ఔఅర్ 1868 నుంచి 1917 వరకు సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో వయొలిన్ నేర్పారు. అదే కాలంలో అక్కడి రాజ నాటకశాలల్లో సోలో వయొలిన్ వాయించేవారు. స్వరకర్త చైకోవ్‌స్కీ తన వయొలిన్ కన్సర్టోను మొదట ఔఅర్‌కే అంకితమిచ్చాడు, కాని ఆయన దాన్ని పక్కన పెట్టేశారు. చివరికి 1881లో వియన్నాలో అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ తొలిసారి వాయించాడు. తరువాత ఔఅర్ మనసు మార్చుకుని తానే వాయించారు, శిష్యులకూ నేర్పారు. ఆ శిష్యుల్లో పేరుమోసిన వయొలిన్ విద్వాంసులు హైఫెట్జ్, మిషా ఎల్మన్ ఉన్నారు. గురువు అభిప్రాయం గడ్డకట్టి ఉంటే ఆ రచన వారి చేతికి ఆ గదిలోంచి వచ్చేది కాదు. మన వైపు చూస్తే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయి, ఒకవైపు తరగతి గదిని, మరొకవైపు కచేరీ వేదికను నడిపారు.

మా ఉపాధ్యాయిని తన సోలో కచేరీకి ముందు మరో పని చేశారు. అసలు సభకు పది రోజుల ముందు తన విద్యార్థులను ఎనిమిదిమందిని కూర్చోబెట్టి మొత్తం కార్యక్రమం వాయించారు. రెండో రచనలో ఒకచోట జ్ఞాపకం తప్పింది. ఆగలేదు, రెండు కొలతల తరువాత అందుకుని ముందుకు సాగారు. ముగిశాక, ఎక్కడ తప్పిందో, అందుకోవడానికి ముందే గుర్తుపెట్టుకున్న చోటు ఏదో స్వరపత్రం తెరిచి చూపించారు. తప్పు జరుగుతుందని ముందే ఒప్పుకుని, తిరిగి ఎక్కే మెట్లు రచనలో అక్కడక్కడ కట్టుకుని పెట్టుకోవడం అన్నది నాకు ఏ పుస్తకం చెప్పలేదు. వేదిక భయం గురించి మాట్లాడే హక్కు ఆ భయాన్ని ఈ మధ్యే అనుభవించినవారికి ఎక్కువ.

ఇక నా పెద్ద ఫిర్యాదు. కచేరీల కాలంలో పాఠాలు నిలవవు. రెండో ఏడాదిలో 40 పాఠాలకు 11 వాయిదా పడ్డాయి, లేదా బదులు ఉపాధ్యాయులు వచ్చారు. వచ్చిన వారికి నేను ఏ ఎటూడ్ మీద ఉన్నానో, ఏ దోషం దిద్దుకుంటున్నానో తెలియదు. ప్రతిసారీ నేనే మొదటినుంచి చెప్పుకోవాలి. ఒకరు నా కమాను పట్టునే మార్చబోయారు, తరువాతి వారం మా టీచర్ గారు దాన్ని మళ్ళీ మార్చవలసి వచ్చింది. ఇది తీర్చలేని చిక్కు కాదు. 1878లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ కన్సర్వేటరీ పియానో విదుషి క్లారా షూమన్‌ను బోధకు పిలిచినప్పుడు ఆమె తన కచేరీలకు వెళ్ళే వెసులుబాటును ముందే షరతుగా పెట్టింది, సహాయకులూ కావాలని అడిగింది. ఆమె కూతుళ్ళు మారీ, యూజీనీ ఆ సహాయకుల పని చేశారు. తల్లి పద్ధతి తెలిసిన చేతుల్లోనే శిష్యులు ఉండేవారు. కచేరీలు చేసే గురువులను పెట్టుకుంటామని గొప్పగా చెప్పుకునే విద్యాలయం వారు లేనప్పుడు పాఠం తెగకుండా చూసే ఏర్పాటును కూడా తన బాధ్యతగా తీసుకోవాలి.

'అందరూ వేదిక కళాకారులే' అన్న నియమాన్ని కూడా నేను సమర్థించలేను. వయొలిన్ గురువు ఇవాన్ గలామియన్ యువకుడిగా ఉన్నప్పుడే, ఆందోళన వల్లా ఆరోగ్యం వల్లా బోధన మీది ఇష్టం వల్లా, కచేరీ జీవితం మానుకున్నారు. 1946 నుంచి న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత పాఠశాలలో నేర్పారు, ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసులు ఇట్జాక్ పెర్ల్‌మన్, పింకస్ జుకర్‌మన్ ఆయన శిష్యులే. ఆయన సహాయకురాలిగా పనిచేసి తానే మహాగురువైన డొరొతి డిలే సోలో కళాకారిణిగా పేరు పొందినవారు కారు. పైన చెప్పిన ఫ్లైషర్‌కు 1960ల నడుమ కుడిచేతి వేళ్ళు మాట వినడం మానేశాయి. ఎడమచేతి రచనలు వాయిస్తూ, ఆర్కెస్ట్రాను నడిపిస్తూ, బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో దశాబ్దాలపాటు పాఠం చెప్పారు. ఈ విద్యాలయం నియమం ప్రకారం గలామియన్‌కు ఇక్కడ ఉద్యోగం రాదు. ఆ నియమాన్ని ప్రకటనలో పెట్టుకునేముందు నిర్వాహకులు ఈ సంగతి ఆలోచించాలని నా మనవి.

కొంతకాలం వాయించి, ఒకచోట ఆగిపోయిన పెద్దలకు ఈ విద్యాలయాన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. అయిదారేళ్ళ పిల్లలకు చేయను. వారికి వారం తప్పని పాఠం, చిన్న చేతులు చూసిన అనుభవం కావాలి, అవి ఇక్కడ గట్టిగా లేవు. చేరేవారు పరిచయ పాఠంలో మూడు ప్రశ్నలు అడగండి: ఎవరి దగ్గర ఎన్నేళ్ళు నేర్చుకున్నారు, బోధనలో ఏమి చదివారు, ఈ నెల మీరు స్వయంగా ఏ రచన సాధన చేస్తున్నారు. మూడో ప్రశ్నకు మా టీచర్ గారు స్వరపత్రం తెచ్చి చూపించారు.

నాలుగో ఏడాదికి రుసుము కట్టేముందు నిర్వాహకులకు రెండు కోరికలతో ఉత్తరం రాశాను. బదులు వచ్చేవారి కోసం ప్రతి విద్యార్థికీ ఒక పాఠపు పుస్తకం ఉండాలన్నది మొదటిది, దానికి ఒప్పుకున్నారు, గత నెల నుంచి నా పుస్తకం గదిలోనే ఉంటోంది. పరిచయాల్లో మాస్టర్ క్లాసును మాస్టర్ క్లాసు అనే రాయాలన్న రెండోదానికి ఇంకా జవాబు రాలేదు.