మనాలి–లేహ్ దారి: రూ. 14,600 బిల్లు, వేలెడంత చీలిక

"ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ బండ్లన్నీ ఇలాగే పొగ వదులుతాయి సార్, టెన్షన్ పడకండి" అని మనాలిలో ఒక వర్క్‌షాప్ వాళ్లు చెబితే నమ్మి రూ. 14,600 కట్టాను. ఇంజెక్టర్ల (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) క్లీనింగ్ 9,500, కొత్త ఎయిర్ ఫిల్టర్ 1,850, స్కానింగ్ 1,000, లేబర్ 2,250. దీనికోసం మనాలిలో ఆగిన రెండు రాత్రులకీ హోటల్‌కి ఇంకో రూ. 5,600. అసలు జబ్బు ఏంటో తెలిసింది మాత్రం కేలాంగ్‌లో, రూ. 800కి. సొంత డీజిల్ ఫోర్ బై ఫోర్‌లో ఈ దారి పట్టేవాళ్లు నాలాగా మోసపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మండి దాకా బండి చక్కగా వచ్చింది. కుల్లు దాటాక ఎక్కుడులో మూడో గేర్‌లో కాలు పూర్తిగా నొక్కినా రెండు వేల ఆర్‌పీఎం దాటాక లాగడం మానేసింది, అద్దంలో చూస్తే వెనకంతా నల్ల పొగ, కాసేపటికి ఇంజన్ లైటు వెలిగింది. బానెట్ కింద ఏదో ఉస్‌స్‌మని గాలి పోతున్నట్టుందని మా ఆవిడ అప్పుడే అంది. ఏసీ చప్పుడేమోలే అన్నాను. ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉంటే ఈ డబ్బంతా మిగిలేది.

వర్క్‌షాప్‌లో స్కానర్ పెడితే పి0299 అని కోడ్ వచ్చింది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) నుంచి రావాల్సిన ఒత్తిడి రావడం లేదని దాని అర్థం. గాలి చాలడం లేదని బండే చెబుతుంటే వాళ్లు వెళ్లి ఇంజెక్టర్లు ఊడదీశారు. రెండో రోజు సాయంత్రం కోడ్ చెరిపేసి, చదును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, బాగైపోయిందని తాళాలు చేతికిచ్చారు. ఖాళీ బండిని చదునులో మెల్లగా నడిపితే టర్బోకి పనే ఉండదు, అక్కడ ఏ లోపమూ బయటపడదు. ఎక్కుడులో తిప్పి చూపించమని నేను గట్టిగా అడగాల్సింది.

అటల్ టన్నెల్ (9.02 కిలోమీటర్లు, 2020 అక్టోబర్‌లో తెరిచారు), సిస్సు, టాండిలో ట్యాంకు నింపడం, అన్నీ హాయిగా గడిచాయి. జిస్పాలో భాగా నది పక్కన టెంటు, రాత్రి భోజనం, టిఫిన్ కలిపి రూ. 3,500. ఈ దారిలో పెట్టిన డబ్బుకి పూర్తి విలువ వచ్చింది అక్కడే. మా బావమరిది ఆ రాత్రి తెగ హుషారుగా ఉన్నాడు.

ఆ హుషారు మర్నాడు పొద్దున దార్చా దాటాక పోయింది. జింగ్‌జింగ్‌బార్ ఎక్కుడులో మళ్లీ అదే నల్ల పొగ, ఈసారి బండి లింప్ మోడ్‌లోకి (ఇంజన్ పాడవకుండా తనే పవర్ బాగా తగ్గించేసుకోవడం) వెళ్లిపోయింది. గంటకి ఇరవై కిలోమీటర్లు దాటడం లేదు, వెనక లారీలు హారన్లు. లోడుతో ఉన్న లారీలు మమ్మల్ని దాటి వెళ్తుంటే "ఎత్తు వల్లే అయితే వాటికెందుకు లేదు?" అన్నాడు మా బావమరిది. వాడికి అప్పటికే తలనొప్పి, పైగా సెలవులు కరిగిపోతున్నాయన్న చిరాకు. ముందున్నది 4,890 మీటర్ల బారాలాచా లా కనుమ. ఆ బండితో అంత ఎత్తుకి వెళ్లి చిక్కుకుంటే మనిషి ప్రాణం మీదకే వస్తుంది. వెనక్కి తిప్పాను. మెల్లగా కేలాంగ్ దిగేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర.

అక్కడ రేకుల షెడ్డులో ఒక పెద్దాయన. హిందీలో మొదట అడిగింది, "పవర్ మెల్లగా తగ్గిందా, ఒక్కసారిగా పోయిందా?" అని. ఒక్కసారిగా అన్నాను. "అయితే ఎత్తు కాదు. ఎత్తు వల్ల తగ్గేది ఎక్కేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గుతుంది" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. ఐదు వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. కానీ మనాలి ఎత్తు రెండు వేల మీటర్ల పైచిలుకే, అక్కడ టర్బో ఉన్న బండి చతికిలబడటానికి ఎత్తు కారణం కాదు.

తర్వాత టార్చి వేసి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్లే రబ్బరు గొట్టం కింద భాగం చూపించాడు. మిగతా గొట్టమంతా పొడిగా ఉంది, క్లాంపు పక్కన మాత్రం రూపాయి బిళ్లంత నల్లటి జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము. ఇంజన్ బ్రీదర్ (లోపలి ఆవిరి బయటికి వదిలే గొట్టం) నుంచి వచ్చే సన్నటి ఆయిల్ ఆవిరి గాలితో కలిసి ఈ గొట్టాల్లో తిరుగుతుంటుంది, గాలి ఎక్కడ బయటికి పోతే అక్కడ ఆ జిడ్డు చేరుతుంది. అయినా ఊరికే నమ్మొద్దని ఫిల్టర్ వైపు గొట్టం ఊడదీసి, టర్బో నోటికి టైరు వాల్వు బిగించిన ప్లాస్టిక్ మూత పెట్టి, పంపుతో పది పీఎస్‌ఐ దాకా గాలి కొట్టాడు. గొట్టాల మీద సబ్బు నీళ్లు పోశాడు. పది పదిహేను సెకన్లలో ఆ జిడ్డు చోటు నుంచి నురగ పొంగింది. క్లాంపు అంచు కింద అడ్డంగా వేలెడు పొడుగున చీలిక, ఒత్తిడి పడితేనే నోరు తెరుస్తోంది. ఐడిల్‌లో నిలబెట్టి చూస్తే ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది.

నల్ల పొగ లెక్క కూడా ఆయనే చెప్పాడు. ఫిల్టర్ దగ్గరున్న సెన్సార్ గాలిని కొలిచి బండి కంప్యూటర్‌కి చెబుతుంది, దాన్ని బట్టి డీజిల్ వస్తుంది. కొలిచిన గాలిలో కొంత దారిలోనే బయటికి పోతే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ, అది సరిగా మండక మసి అవుతుంది. ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇలాంటి పొగే వస్తుందట, అందుకని అదీ చూశాడు, బాగానే ఉంది.

నాకు ఒళ్లు మండింది ఆ తర్వాత. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గరికెళ్లి చూస్తే నాలుగు క్లిప్పుల్లో వెనక్కి ఉన్న ఒకటి పెట్టనే లేదు. ఫిల్టర్ తర్వాతి గొట్టం లోపల వేలితో తుడిచి నా ముందు పెట్టాడు. వేలి కొసంతా బూడిద రంగు దుమ్ము. చీలిక వల్ల పవర్ మాత్రమే పోయింది, ఈ సందులోంచి లోపలికి పోయే దుమ్మైతే టర్బో రెక్కల్నీ, సిలిండర్లనీ అరగదీస్తుంది. కొత్త ఫిల్టర్‌కి 1,850 తీసుకుని క్లిప్పు వేయకుండా ఈ దుమ్ము దారిలోకి పంపినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

గొట్టం చీలిన కొసని రెండు అంగుళాలు కోసేశాడు, పొడవు సరిపోయింది. కొత్త క్లాంపు వేసి బిగించి, గొట్టాలు, ఫిల్టర్ డబ్బా లోపల తడిగుడ్డతో తుడిచి, మళ్లీ గాలి కొట్టి సబ్బు నీళ్లతో పరీక్షించి అప్పుడు రూ. 800 అడిగాడు. సాయంత్రం తనే పక్కన కూర్చుని ఎక్కుడులో తిప్పించాడు. నా దగ్గర రూ. 1,200 పెట్టి కొన్న చిన్న బ్లూటూత్ స్కానర్ ఉంది, పొద్దున జింగ్‌జింగ్‌బార్ దగ్గర దాన్ని ఫోన్‌లో పెట్టి చూస్తే కంప్యూటర్ టర్బో నుంచి 190 కిలోపాస్కల్ ఒత్తిడి అడుగుతుంటే వస్తున్నది 110. ఇప్పుడు 187 వస్తోంది, పొగ లేదు. స్కానర్ ఉన్నవాళ్లు ఇంకోటి చూడండి: ఇంజన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో పెడితే టర్బో ఒత్తిడి కొలిచే సెన్సార్ బయటి గాలి ఒత్తిడే చూపించాలి. సముద్ర మట్టం దగ్గర 100 చుట్టూ, కేలాంగ్‌లో 70 చుట్టూ. అంకె అలా లేకపోతే సెన్సార్‌నే ముందు అనుమానించాలి.

మర్నాడు ఆలస్యంగా బయలుదేరడంతో సర్చులో ఆగాల్సి వచ్చింది. అది తప్పు. టెంటుకి రూ. 4,500 తీసుకుని తడి వాసన వచ్చే పరుపులు, తొమ్మిదింటికి జనరేటర్ బంద్, వేడి నీళ్లు అడిగితే పొద్దున చూద్దాం అన్నారు. దాదాపు 4,300 మీటర్ల ఎత్తులో మా ఆవిడకి రాత్రంతా నిద్ర లేదు, ఊపిరి ఆడక రెండుసార్లు లేచి కూర్చుంది. జిస్పాలోనే ఇంకో రాత్రి పడుకుని, తెల్లవారుజామున బయలుదేరి లేహ్ ఒకే రోజులో చేరండి. సర్చులో పడుకోవద్దు.

గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులూ, 5,328 మీటర్ల తంగ్లాంగ్ లా కూడా బండి కొంచెం బద్ధకంగా, అయినా పొగ లేకుండా ఎక్కేసింది. ఆ మాత్రం బద్ధకం మాత్రం నిజంగా ఎత్తు వల్లే. లేహ్‌లో గెస్ట్‌హౌస్ రూ. 1,800, శుభ్రంగా ఉంది, మూడు రాత్రులు ఉన్నాం. చేరిన మర్నాడు ఫిల్టర్ డబ్బా విప్పి లోపల తెల్ల గుడ్డతో తుడిచాను, గుడ్డ తెల్లగానే ఉంది.

కోసేసిన గొట్టం ముక్కని మా బావమరిది ఫొటో తీశాడు. దాన్నీ, బిల్లునీ కలిపి మనాలి వర్క్‌షాప్‌కి వాట్సాప్‌లో పంపి ఇంజెక్టర్లకి తీసుకున్న 9,500 వెనక్కి ఇమ్మని అడిగాను. చూశారు, నాలుగు రోజులైనా జవాబు లేదు. తిరుగు ప్రయాణంలో ఆ ముక్క పట్టుకుని మనాలిలో దిగుతాను.