ఆన్‌లైన్ వీడియో కోర్సుకు ఏది మేలు: స్టూడియోనా, కలమా? రికార్డు చేసిన పాఠమా, లైవ్ తరగతా?

కామర్స్ పాఠాలు చెప్పే మాస్టారు ఒకరు జీఎస్టీ లెక్కల మీద తెలుగులో వీడియో కోర్సు తీయాలనుకున్నారనుకోండి. చాలామంది లాగే ఆయనా మొదట అడిగేది ఏ కెమెరా కొనాలనే. అంతకంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. పాఠం తెర మీద ఏ రూపంలో కనిపించాలి? విద్యార్థులు దాన్ని తమకు వీలైనప్పుడు చూసుకోవాలా, అందరూ కలిసి ఒక వేళకు కూర్చోవాలా? ఈ రెండూ తేలితే కొనవలసినవేమిటో తెలిసిపోతుంది. చాలా కోర్సులకు కొత్త కెమెరా అవసరమే ఉండదు.

రెండు ప్రశ్నలనూ నేను ఒకే కొలతతో కొలుస్తాను. పాఠం నడుస్తున్నప్పుడు, అయిపోయిన వెంటనే, నేర్చుకుంటున్నవారి చేయి కదులుతోందా? లెక్క వేస్తున్నారా, ఖాళీ నింపుతున్నారా, లేక ఊరికే చూస్తున్నారా? హాయిగా చూడగలిగిన వీడియో మంచి పాఠమే అయి ఉండాలని లేదు.

తెర మీద ఏముండాలి

వాడుకలో ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. తరగతి గదిలో చెబుతున్న పాఠాన్ని అలాగే చిత్రీకరించి పెట్టడం ఒకటి. స్టూడియోలో నిలబడి స్లయిడ్లు చూపిస్తూ చెప్పడం రెండోది. పెన్ టాబ్లెట్ మీదో, పైనుంచి ఫోను బిగించిన కాగితం మీదో రాస్తూ చెప్పడం మూడోది.

మొదటిదాన్ని నేను వెంటనే పక్కన పెడతాను. ఖర్చు లేకపోవడం ఒక్కటే దాని గుణం. తరగతిలో మాస్టారు మాట్లాడేది ఎదుట కూర్చున్న పిల్లలతో. ఫోనులో చూస్తున్నవారు ఆ సంభాషణకు బయటివారు. వెనుక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న వారికి వినపడదు, దాని జవాబు మాత్రం వినపడుతుంది. గంట పాఠాన్ని పది ముక్కలుగా కోసి పెట్టినా ఈ లోపం పోదు, ఎందుకంటే అది ముక్కలుగా ఆలోచించి చెప్పిన పాఠం కాదు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ అనే పరిశోధకులు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీది నాలుగు కోర్సులను తీసుకుని, 862 వీడియోలకు సంబంధించిన 69 లక్షల వీక్షణ సందర్భాలను పరిశీలించి 2014లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తరగతి ఉపన్యాసాలను తర్వాత ముక్కలు చేసి పెట్టినవాటి కంటే, ఆన్‌లైన్ కోసమే ముందుగా ఆలోచించి తీసిన పాఠాలను విద్యార్థులు ఎక్కువసేపు చూశారు. స్లయిడ్ల కంటే చేతిరాతతో సాగే పాఠాలు వారిని ఎక్కువగా పట్టి ఉంచాయి. ఖరీదైన స్టూడియో చిత్రీకరణ కంటే, అధ్యాపకుడు తన బల్ల దగ్గర కూర్చుని ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టు చెప్పిన పాఠాలు మెరుగ్గా నిలిచాయి. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. వారు కొలిచింది ఎంతసేపు చూశారు, వీడియో తర్వాత ఇచ్చిన ప్రశ్నను ప్రయత్నించారా అన్నవే. ఎంత నేర్చుకున్నారన్నది ఆ లెక్కల్లో లేదు. అయినా చూడని పాఠం ఎవరికీ రాదు కాబట్టి ఆ ఫలితాలకు విలువుంది.

కలం ఎందుకు గెలుస్తుందో జీఎస్టీ లెక్కలోనే చూడవచ్చు. విజయవాడ వ్యాపారి 10,000 రూపాయల సరుకు అమ్మారు, పన్ను 18 శాతం. సరుకు గుంటూరు వ్యాపారికి వెళ్తే అది రాష్ట్రంలోపలి అమ్మకం. కేంద్ర జీఎస్టీ 900, రాష్ట్ర జీఎస్టీ 900 అని బిల్లులో రెండు వరుసలు రాయాలి. అదే సరుకు హైదరాబాద్ వ్యాపారికి వెళ్తే రాష్ట్రం దాటింది కాబట్టి ఐజీఎస్టీ 1,800 అని ఒకే వరుస. స్లయిడ్ మీద ఈ రెండు పట్టికలూ ఒక్కసారే ప్రత్యక్షమవుతాయి. మాస్టారు మొదటి వరుస వివరించేలోపే చూసేవారి కళ్లు చివరి మొత్తానికి పరుగెత్తుతాయి. సమాధానం కనపడిపోయాక ఆలోచించే పని మిగలదు. కలంతో రాస్తే బిల్లు ఒక్కో గీతగా పెరుగుతుంది. పన్ను గడి ఖాళీగా ఉంచి, ‘సరుకు ఎక్కడికి వెళ్తోంది? ఇక్కడ ఎన్ని వరుసలు రావాలి? వీడియో ఆపి మీరు రాయండి’ అనవచ్చు. చేత్తో రాసే వేగం, చూసేవారు నోటు పుస్తకంలో రాసుకోగల వేగం దాదాపు ఒకటే కావడం కూడా ఇక్కడ కలిసివస్తుంది.

సల్మాన్ ఖాన్ అనే అమెరికా బోధకుడు (మన నటుడు కాదు) 2004లో దూరాన ఉన్న తన బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టి, 2006లో ఆ పాఠాలను యూట్యూబులో పెట్టసాగారు. నల్లటి తెర, రంగు గీతలు, తీరికగా సాగే గొంతు, అంతే. ముఖం కనిపించేది కాదు. తర్వాత ప్రపంచమంతా తెలిసిన ఖాన్ అకాడమీ ఆ తెర మీదే నిలబడింది.

స్లయిడ్ల గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. తెర మీద ఉన్న వాక్యాలను అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించే అలవాటు మనవాళ్లలో గట్టిగా పాతుకుపోయింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో దశాబ్దాల పాటు ఈ విషయం మీద పనిచేసిన రిచర్డ్ మేయర్ తేల్చిన సూత్రాల్లో ఒకటి దీనికి నేరుగా వర్తిస్తుంది. బొమ్మను మాటలతో వివరిస్తున్నప్పుడు అవే మాటలను తెర మీద కూడా రాసి పెడితే నేర్చుకోవడం తగ్గుతుంది. కళ్లు బొమ్మను వదిలి అక్షరాల వెంట పోతాయి. స్లయిడ్ పెట్టక తప్పకపోతే బొమ్మ పెట్టండి, పట్టిక పెట్టండి, నాలుగు పదాలు పెట్టండి. వాక్యాలు మీ నోట రావాలి. పైగా ఆ స్లయిడ్‌ను చూసేది అరచేతిలోని ఫోనులో. కంప్యూటర్ ముందు బాగుందనిపించిన అక్షరాల సైజు అక్కడ చీమల బారే.

అయితే ముఖం అసలు వద్దా? కావాలి, కాసేపు. కోర్సు మొదటి వీడియోలో, ప్రతి అధ్యాయం మొదట్లో ఒక నిమిషం మాస్టారు ఎదురుగా కనిపిస్తే, చెబుతున్నది ఒక మనిషి అన్న నమ్మకం కలుగుతుంది. తర్వాత తెర అంతా లెక్కకే వదిలేయాలి.

కలం పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లు ఎక్కించడం చూపాలంటే కంప్యూటర్ తెరనే రికార్డు చేయాలి. బ్లౌజు కటింగ్ నేర్పాలంటే బల్లకు నేరుగా పైన కెమెరా ఉండాలి, గుడ్డ, టేపు, కత్తెర మూడూ కనపడాలి. ఇంగ్లిషు ఉచ్చారణ చెప్పేవారి పెదవులు కనిపించి తీరాలి.

నిడివి

పైన చెప్పిన పరిశోధనలో, వీడియో మొత్తం ఎంత పొడుగున్నా విద్యార్థుల మధ్యస్థ వీక్షణ సమయం 6 నిమిషాలు దాటలేదు. దీన్ని పట్టుకుని ప్రతి పాఠాన్నీ 6 నిమిషాలకు కోయమనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. నాకది నచ్చదు. ఒక ఆలోచన పూర్తికావడానికి 9 నిమిషాలు పడితే 9 నిమిషాలే తీసుకోవాలి. కొలవాల్సింది నిమిషాలను కాదు, ఒక వీడియోలో ఎన్ని కొత్త సంగతులు చెప్పామన్నదాన్ని. ఒకటి చాలు.

చిన్న వీడియోలవైపు నేను మొగ్గడానికి అంతకంటే బలమైన కారణం ఇంకొకటుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబులు పోయి, చాలా వస్తువులు 5, 18 శాతాల్లోకి వచ్చాయి, కొన్నిటికి 40 శాతం శ్లాబు వచ్చింది. అప్పటికి గంటేసి నిడివిగల వీడియోల్లో, అడుగడుగునా 12, 28 శాతాల ఉదాహరణలతో కోర్సు తీసి పెట్టుకున్నవారు ఏం చేయగలరు? అన్నీ మళ్లీ తీయాలి, లేదా పాత లెక్కలతోనే నడపాలి. సూత్రం ఒక వీడియోలో, ప్రస్తుత రేట్లు వేరే వీడియోలో ఉంటే, రేట్లు చెప్పిన ఒక్కటే తీసేసి కొత్తది పెడితే సరిపోతుంది. చట్టం, సాఫ్ట్‌వేర్, పరీక్ష సిలబస్ లాంటి మారే సంగతులు నేర్పే ఎవరికైనా ఇది వర్తిస్తుంది. మారేదాన్ని, మారనిదాన్ని ఒకే వీడియోలో కలపకూడదు.

డబ్బు పెట్టాలనుకుంటే మైకుకు పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుంటారు, మాట తెలియకపోతే మూసేస్తారు. కాలరుకు తగిలించుకునే మామూలు మైకు, ఆపేసిన ఫ్యాను, మూసిన కిటికీ, గోడలకు వేలాడదీసిన దుప్పట్లు ఉంటే ఇంట్లో గది చాలు.

రికార్డు చేసిన పాఠమా, లైవ్ తరగతా?

లైవ్ తరగతికి రెండు బలాలున్నాయి. సందేహం వచ్చిన క్షణంలోనే తీరుతుంది. వేళ ఉంది కాబట్టి జనం వస్తారు. తీసేవారికీ సులువే, ఎడిటింగ్ ఉండదు. కానీ మన ఉదాహరణలోని విద్యార్థులెవరు? కొట్టు నడిపేవారు, చిన్న సంస్థల్లో లెక్కలు రాసేవారు. సాయంత్రం ఏడింటికి తరగతి అంటే కొట్లో రద్దీ వేళ. తొమ్మిదింటికి అంటే అలసిన వేళ. అన్నిటికంటే పెద్ద నష్టం, లైవ్ పాఠాన్ని విద్యార్థి ఆపలేరు. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీద కట్టిన పన్నును, కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోవడం) లెక్కలో ఒక మెట్టు తప్పితే ఆ తర్వాతి ఇరవై నిమిషాలూ అందవు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారం చేశారు. ఫోను లేని ఇంటికీ చదువు చేరడానికి అంతకంటే దారి లేదు, అది చేయవలసిన పనే. కానీ టీవీలో వచ్చే పాఠాన్ని ఆపి వెనక్కి తిప్పే వీలు పిల్లలకు లేదు. రికార్డు చేసిన పాఠం ఇచ్చే అసలు వరం అదే.

ఇక రికార్డు చేసిన కోర్సుల జబ్బు అందరికీ తెలిసిందే, మొదలుపెడతారు, పూర్తిచేయరు. 2012లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ఎంఐటీఎక్స్ పేరుతో తెచ్చిన మొదటి ఆన్‌లైన్ కోర్సుగా సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్‌ను అనంత్ అగర్వాల్ బృందం నడిపింది. 1,54,763 మంది నమోదు చేసుకుంటే ఉత్తీర్ణులైనవారు 7,157 మంది, అంటే 5 శాతం లోపే. ఉచితం కాబట్టి ఊరికే తొంగిచూసినవారు ఎక్కువని సర్దిచెప్పవచ్చు. అయినా గడువులూ పరీక్షలూ ఉన్న కోర్సు పరిస్థితే ఇదైతే, ‘జీవితకాలం ఎప్పుడైనా చూసుకోవచ్చు’ అని అమ్మే వీడియోల మూట సంగతి ఊహించుకోవచ్చు. ఎప్పుడైనా చూడవచ్చన్నదాన్ని ఈ రోజే చూడాలని ఎవరికీ అనిపించదు.

అందుకే నా ఓటు నడిమి దారికి. దానికి నమూనా మన దేశంలోనే ఉంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు ఇస్తోంది. వీడియోలు రికార్డు చేసినవే, కానీ వారం వారం విడుదలవుతాయి. ప్రతి వారానికీ అసైన్‌మెంట్, దానికొక గడువు. చివర పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. చూసే వేళ విద్యార్థిది, ముగించే తేదీ కోర్సుది. తెర మీది చిత్రీకరణ చాలా పాఠాల్లో సాదాసీదాగానే ఉంటుంది, అయినా ఇంజినీరింగ్ విద్యార్థులు ఏటా వాటి కోసం కూర్చుంటున్నారు.

మన మాస్టారి కోర్సులో దీన్ని ఇలా అమర్చవచ్చు. సోమవారం నాలుగైదు చిన్న వీడియోలు విడుదల. ప్రతి వీడియో తర్వాత రెండు ప్రశ్నలు. శుక్రవారం లోపు ఒక పూర్తి బిల్లు చేత్తో రాసి, ఫొటో తీసి పంపాలి. ఆదివారం ఉదయం ఒక గంట లైవ్. ఆ గంటలో కొత్త పాఠం చెప్పకూడదు. విద్యార్థులు పంపిన బిల్లుల్లో ఎక్కువమంది తప్పిన చోట్లు తీసుకుని, పేర్లు లేకుండా, కలంతో సరిదిద్దాలి. ఎవరైనా రాలేకపోతే దాని రికార్డింగ్ ఉంటుంది.

వీడియోల మధ్య ప్రశ్నలు అలంకారానికి కాదు. కార్ల్ స్పునర్, నోవల్ ఖాన్, డేనియల్ షాక్టర్ 2013లో జరిపిన ప్రయోగంలో 21 నిమిషాల స్టాటిస్టిక్స్ పాఠాన్ని నాలుగు భాగాలు చేశారు. ప్రతి భాగం తర్వాత చిన్న పరీక్ష రాసినవారి మనసు అటూ ఇటూ పోవడం, ఆ పరీక్షలు లేనివారితో పోలిస్తే సగం దాకా తగ్గింది. వారు నోట్సు ఎక్కువ రాసుకున్నారు, చివరి పరీక్షలో మెరుగ్గా రాశారు. పాఠం అదే, చెప్పినవారూ వారే.

పని మొదలుపెట్టే వరస కూడా దీన్నుంచే వస్తుంది. ముందు చివరి వారంలో విద్యార్థి సొంతంగా చేయవలసిన పనిని రాసుకోండి, ఉదాహరణకు ఒక చిన్న కొట్టు నెల బిల్లులన్నీ ఇచ్చి, కట్టవలసిన పన్ను తేల్చమనడం. ఆ పనికి అక్కరలేని వీడియో ఎంత బాగున్నా తీసేయండి. తర్వాత మొదటి వారం పాఠాలు మాత్రమే రికార్డు చేసి, పది పదిహేను మందికి ఇచ్చి చూడండి. అన్నీ తీసేశాక చూపిస్తే మార్చడానికి మనసొప్పదు.

ఆ వీడియోలను యూట్యూబులో పెట్టి ఉంటే, ఏ నిమిషంలో ఎంతమంది మిగిలారో చూపే గ్రాఫు దొరుకుతుంది, చూసినవారు మరీ కొద్దిమంది అయితే వారినే అడిగి తెలుసుకోవాలి. మొదటి అర నిమిషంలోనే గీత పడిపోతే నమస్కారాలూ పరిచయాలూ తగ్గించి లెక్కతో మొదలుపెట్టండి. మధ్యలో ఒకచోట గీత పైకి లేచిందంటే అక్కడ చాలామంది వెనక్కి తిప్పి మళ్లీ చూశారని అర్థం. ఆ మెట్టుకు ఇంకో ఉదాహరణతో విడిగా ఒక చిన్న వీడియో తీసి, దాని కింద అచ్చు వేసుకోగల ఖాళీ బిల్లు ఒకటి పెట్టండి. రెండో వారం పాఠాల స్క్రిప్టు అప్పుడు రాయండి.