‘పేటెంటెడ్’ పేపర్ జాగర్ కొనేముందు ఫైలు చూడండి: ప్రెస్ వాళ్లకు జాగ్రత్త

హన్మకొండ, వరంగల్, కరీంనగర్, జమ్మికుంట వైపు ఆఫ్‌సెట్ ప్రెస్సులు, బైండింగ్ షాపులు నడుపుకునే అన్నలకు, తమ్ముళ్లకు ఇది రాస్తున్నాను. షీట్లను తట్టి వరసకు తెచ్చే జాగర్ మెషీన్ ఒకటి ‘పేటెంటెడ్ టెక్నాలజీ’ అని చెప్పి మన దగ్గర అమ్ముతున్నారు. ఆ ఒక్క మాట మీద మామూలు జాగర్ కంటే లక్షకు పైగా ఎక్కువ తీసుకుంటున్నారు. ఆ మెషీనుకు పేటెంటు లేదు. అప్లికేషన్ పెట్టారు, పరీక్షలో అభ్యంతరాలు వచ్చాయి, వాటికి జవాబు ఇవ్వలేదు, ఫైలు మూతపడింది. అయినా మెషీనుకు బిగించిన పేరు ప్లేటు మీద ఆ మాట అలాగే ఉంది. విషయం నోటీసుల దాకా వెళ్లింది కాబట్టి కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు లేకపోయినా కింద రాసినవి చదివితే ఏ మెషీనునైనా మీరే పట్టుకోగలరు.

కొత్తగా ఈ లైన్‌లోకి వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. అచ్చయిన షీట్లను ఎంత జాగ్రత్తగా ఎత్తినా ఒకటి ఇటు, ఒకటి అటు జరుగుతాయి. కటింగుకు పెట్టేముందు గ్రిప్పర్ వైపు అంచు (ప్రెస్సు షీటును పట్టుకునే ముందు అంచు), సైడ్ లే వైపు అంచు (ప్రెస్సులో షీటు ఆనే పక్క అంచు) రెండూ ఒకే మూలకు చేరాలి. చేరకపోతే కత్తి పడ్డాక పైషీటు బాగానే కనిపిస్తుంది, అడుగున ఉన్నవాటిలో మాత్రం అక్షరాలు తెగిపోతాయి. చేత్తో కొట్టి వరస చేసే మంచి పనివాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. కానీ మాఘమాసంలో లగ్గపత్రికలు, జూన్‌కు ముందు స్కూలు డైరీలు, మేడారం జాతర ఏడాదిలో పోస్టర్లు మీద పడితే ఆ చేతులు సరిపోవు. అందుకే జాగర్ కొంటాం. ఒక మూలకు వాలిన టేబుల్, కింద మోటారు, మోటారు ఇరుసుకు ఒకవైపే బిగించిన బరువు. మోటారు తిరిగితే టేబుల్ వణుకుతుంది, షీట్లు మూలకు జారి చేరతాయి. షీట్ల మధ్యకు గాలి ఊదితే ఒకదానికొకటి అతుక్కోకుండా తేలిగ్గా కదులుతాయి. జాగర్ అంటే ఇంతే, ఇది దశాబ్దాలుగా ఉన్నదే.

ఆ ‘పేటెంటెడ్’ మెషీన్ మేమూ కొన్నాం. మాకు ఇచ్చిన బ్రోషర్లో మామూలు జాగర్‌కు ఇంకో రెండు కలిపారు. రెండు పక్కల నుంచి అంచులను తట్టే నైలాన్ పలకలు, ఒక సెన్సర్. సెన్సర్ షీటు సైజు తనంతట తానే గుర్తుపట్టి పలకలను ముందుకో వెనక్కో జరుపుతుందని, ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఇది లేదని, అందుకే పేటెంటు వచ్చిందని సేల్స్ అతను చెప్పాడు. డెమో హైదరాబాద్‌లో వాళ్ల గోడౌన్లో జరిగింది. అక్కడ వాళ్లు పెట్టింది 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు అని) బోర్డు. బోర్డు బిగువుగా ఉంటుంది, ఎలా తట్టినా వరసకు వస్తుంది. డెమోకు వెళ్లేవాళ్లు దయచేసి మీరు రోజూ నడిపే కాగితమే ఒక రీము వెంట తీసుకెళ్లండి. వాళ్లు వద్దంటే అక్కడినుంచి వచ్చేయండి.

మా షాపులో ఎక్కువగా నడిచేది 60 జీఎస్ఎం మ్యాప్‌లిథో, అంటే పుస్తకాలకు వాడే పల్చటి మామూలు కాగితం. ఈ మెషీన్ మీద ఆ కాగితం పెడితే పలకలు తట్టినప్పుడల్లా షీటు మధ్యలో ఉబ్బి పైకి లేస్తుంది, మళ్లీ పడేటప్పుడు పక్కకు జరిగి పడుతుంది. అంటే తట్టిన కొద్దీ వరస చెడుతుంది. పలక తగిలేచోట అంచు నలిగి సన్నని గాడి పడుతుంది, అది కట్ లోపలికి వస్తే జాబ్ పోయినట్టే. నున్నగా మెరిసే ఆర్ట్ పేపర్ పెడితే ఇంకో గోల. మన వైపు ఎండాకాలం గాలిలో తేమ ఉండదు, స్టాటిక్ పట్టి షీట్లు జతలుజతలుగా అతుక్కుపోతాయి. ఊదే గాలి పై పది షీట్లకు అందితే గొప్ప. సైజు మారిస్తే పలకలు వాటంతట అవి జరగలేదు, ప్రతిసారీ స్క్రూ వదులు చేసి చేత్తోనే జరపాలి. మూలలో ఉన్న రెండు అడ్డపట్టీలకు మూలమట్టం ఆనించి చూస్తే ఒకచోట గోరు దూరేంత సందు కనిపించింది. మూలే తొంభై డిగ్రీలు లేని మెషీన్ షీట్లను ఎలా వరస చేస్తుంది? స్కూలు డైరీల ఒక లాటు మొత్తం కటింగులో ఏటవాలుగా తెగింది. కాగితం, కూలీ, ఇంకు అన్నీ మా మీదే పడ్డాయి. పార్టీకి చెప్పిన టైముకు ఇవ్వలేకపోయాం, ఆ టెన్షన్ వేరే.

అసలు బాధ అక్కడితో ఆగలేదు. కొన్నాళ్లకు ఒక నైలాన్ పలక పగిలింది. కంపెనీకి ఫోన్ చేస్తే అరచేయంత పలకకు 14,000 రూపాయలు, పైగా రావడానికి మూడు వారాలు అన్నారు. వరంగల్‌లో మాకు ఏళ్లుగా పనిచేసే లేత్ తమ్ముడు ఉన్నాడు. పాత మెషీన్ల గేర్లకు గేర్లే కోసి పెట్టిన మనిషి, అతనికి ఇదెంత పని. షాపుకు వచ్చి పలక కొలతలు తీసుకుంటూ ప్లేటు మీద రాసింది చదివాడు, టేపు జేబులో పెట్టుకున్నాడు. “అన్నా, పేటెంటు అని రాసుంది. రేపు నా మీద కేసు వేస్తే ఎవరు తిరుగుతారు? నాకెందుకు ఈ పంచాయితీ” అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. కంపెనీ సర్వీస్ అతను కూడా ఫోన్లో అదే బెదిరింపు: బయట చేయిస్తే పేటెంటు ఉల్లంఘన అవుతుంది, లీగల్‌గా చూసుకోవాల్సి ఉంటుంది అని. లేని పేటెంటు పేరు చెప్పి రిపేర్ చేసుకునే దారి కూడా మూసేశారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే.

అప్పుడు ఫైలు తీశాం. మన దేశపు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో ఇన్‌పాస్ అని ఒక సెర్చ్ ఉంది, పూర్తిగా ఉచితం. అందులోనే అప్లికేషన్ స్టేటస్ అనే భాగంలో నంబరు కొడితే ఫైలు ఏ దశలో ఉందో చూపిస్తుంది. వ్యూ డాక్యుమెంట్స్ నొక్కితే ఆఫీసు రాసిన ఉత్తరాలు, వీళ్లిచ్చిన కాగితాలు అన్నీ పీడీఎఫ్‌లుగా తెరుచుకుంటాయి. ప్లేటు మీది నంబరు 202141తో మొదలవుతుంది. మొత్తం పన్నెండు అంకెలు. మొదటి నాలుగు అప్లికేషన్ పెట్టిన సంవత్సరం, ఐదో అంకె ఆఫీసు: 1 ఢిల్లీ, 2 ముంబై, 3 కోల్‌కతా, 4 చెన్నై. తెలంగాణ చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది. ఇలాంటి పన్నెండంకెల నంబరు కనిపిస్తే అది అప్లికేషన్ నంబరు మాత్రమే అని గుర్తుపెట్టుకోండి. పేటెంటు మంజూరయితే దానికి వేరే నంబరు ఇస్తారు, అది ఇప్పుడు ఆరు అంకెల్లో నడుస్తోంది. ప్లేటు చూడగానే ఈ తేడా పట్టేయవచ్చు.

ఫైలులో మొదటి పరీక్షా నివేదిక ఉంది, దాన్ని ఎఫ్ఈఆర్ అంటారు. ఇంగ్లీషు కాస్త బరువుగా ఉంటుంది కానీ ఓపికగా చదివితే మన పని తెలిసినవాళ్లకు బాగానే అర్థమవుతుంది. పరీక్షాధికారి వీళ్ల మొదటి క్లెయిమును (ఇది మా సొంత ఆవిష్కరణ అని హక్కు కోరుతూ రాసుకున్న భాగాన్ని) ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క అంతకుముందు ఎక్కడ ఉందో చూపించాడు. మూలకు వాలిన వణికే టేబుల్, అడ్డపట్టీలు, గాలి ఊదే గొట్టం పాత విదేశీ పత్రం ఒకదానిలో ఉన్నాయి, దానికి డీ1 అని పేరు పెట్టాడు. షీటు పడగానే పక్కల నుంచి తట్టే పలకలు డీ2లో ఉన్నాయి. చదువుతుంటే నాకు మన షాపుల్లో తిరిగే పాత డామినెంట్, హైడెల్‌బర్గ్ ప్రింటింగ్ మెషీన్ల డెలివరీలే (అచ్చయిన షీట్లు వచ్చి పడే చోటు) కళ్ల ముందు మెదిలాయి. షీటు దొంతర మీద పడుతుంటే పక్కనుంచి తట్టే పలకలు వాటికి ఎప్పటినుంచో ఉన్నాయి కదా! రెండిటినీ కలపడం ఈ పని తెలిసినవాడికి తట్టని సంగతేమీ కాదు కాబట్టి ఇందులో ‘ఇన్వెంటివ్ స్టెప్’, అంటే కొత్తగా కనిపెట్టిన సంగతి, లేదని అధికారి రాశాడు. దేనికది విడిగా తన పాత పనే చేసుకునే పరికరాలను ఒకచోట అమర్చడం ఆవిష్కరణ కాదని పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) చెబుతుందని కూడా గుర్తుచేశాడు. ‘తగినంత వేగంతో తట్టే పలకలు’ అని వీళ్లు రాసుకున్నారు, తగినంత అంటే ఎంతో చెప్పలేదని ఇంకో అభ్యంతరం.

నా కళ్లు తెరిపించింది మాత్రం వీళ్లు సొంతంగా రాసిచ్చిన స్పెసిఫికేషన్, అంటే మెషీన్ ఎలా పనిచేస్తుందో బొమ్మలతో వివరించి అప్లికేషన్‌తో పెట్టే కాగితం. సైజు గుర్తుపట్టే సెన్సర్ అని మనకు అమ్మారు కదా. స్పెసిఫికేషన్లో ఆ సెన్సర్ పని టేబుల్ మీద షీటు ఉందా లేదా అని చూడటం వరకే. షీటు ఉంటే మోటారు ఆన్, లేకపోతే ఆఫ్. పలకలను జరిపే మోటారు బొమ్మల్లో ఎక్కడా లేదు. బొమ్మలో స్పష్టంగా స్క్రూ గీసి, దాని పక్కన చేత్తో సర్దుకోవాలని రాసి ఉంది. ఆఫీసుకు నిజం రాసి, కొనేవాడికి ఇంకోటి చెప్పారు. అందుకే పేటెంటు వచ్చినా రాకపోయినా స్పెసిఫికేషన్ చదవమంటాను. మెషీన్ నిజంగా ఏం చేస్తుందో బ్రోషర్ కంటే అందులోనే సరిగ్గా ఉంటుంది.

ఎఫ్ఈఆర్ వచ్చాక జవాబు ఇవ్వడానికి ఆరు నెలల గడువు ఉంటుంది. అడిగితే ఇంకో మూడు నెలలు పెంచుతారు. వీళ్లు గడువు పెంచమని అడగలేదు, జవాబూ ఇవ్వలేదు. సెక్షన్ 21 కింద అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క అని 2023లోనే స్టేటస్ మారింది. మాకు అమ్మింది ఆ తర్వాతే.

సేల్స్ వాళ్లు ఎక్కువగా ‘పబ్లిష్ అయింది సార్, గవర్నమెంట్ జర్నల్లో వచ్చింది’ అని ఒక పేజీ చూపిస్తారు. అది చూసి నమ్మొద్దు. అప్లికేషన్ పెట్టిన పద్దెనిమిది నెలలకు దాదాపు ప్రతిదీ జర్నల్లో వస్తుంది, ఫీజు కట్టి అడిగితే ముందే వేస్తారు. అప్పటికి ఎవరూ దాన్ని పరీక్షించి ఉండరు. పరీక్ష కావాలని విడిగా అడిగితేనే ఫైలు అధికారి ముందుకు వెళ్తుంది. మంజూరయ్యాక కూడా ఏటా రెన్యువల్ ఫీజు కట్టకపోతే పేటెంటు రద్దవుతుంది. కట్టుకుంటూ పోతేనే అప్లికేషన్ తేదీ నుంచి ఇరవై ఏళ్లు ఉంటుంది. ఇంకో సంగతి, నిజంగా మంజూరైన పేటెంటు చూపించినా మెషీన్ బాగా పనిచేస్తుందని అర్థం కాదు. అధికారి కాగితాలు చూసి ఇది కొత్తదా, ఇందులో ఆవిష్కరణ ఉందా, పరిశ్రమకు పనికొస్తుందా అని తేలుస్తాడు. మన 60 జీఎస్ఎం షీటు పెట్టి నడిపి చూడడు. పేటెంటును ఐఎస్ఐ మార్కులాగా చూపించి రేటు పెంచితే ఒప్పుకోకండి.

చట్టం మన వైపు ఉంది. పేటెంటు లేని వస్తువును పేటెంటు ఉందని చెప్పి అమ్మితే పేటెంట్ల చట్టం 1970, సెక్షన్ 120 వర్తిస్తుంది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో ఆ పెనాల్టీని పది లక్షల రూపాయల వరకు పెంచారు, అదే మాట మానకుండా చెబుతూ పోతే రోజుకు వెయ్యి అదనం. ఏ దేశమో రాయకుండా ‘పేటెంటెడ్’ అని వేస్తే ఇండియాలో పేటెంటు ఉందని చెప్పినట్టే లెక్క, ‘మాది విదేశీ పేటెంటు’ అని తర్వాత తప్పించుకోవడం కుదరదు. ఆధారం లేకుండా ఉల్లంఘన కేసు పెడతామని బెదిరిస్తే సెక్షన్ 106 కింద బెదిరింపులకు గురైనవాళ్లే కోర్టుకు వెళ్లి ఆపించవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. మా లేత్ తమ్ముడికి ఈ సెక్షన్ చదివి వినిపించి, స్టేటస్ పేజీ ప్రింటు చేతిలో పెట్టాక అతను పలక చేసిచ్చాడు. కంపెనీ చెప్పిన రేటులో పదో వంతు కూడా కాలేదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా అని కొందరు అడుగుతున్నారు. 2019 చట్టంలో వ్యాపార అవసరానికి కొన్న వస్తువుకు మినహాయింపు ఉంది, కంపెనీ వకీలు ముందు పట్టుకునేది దాన్నే. కానీ సొంతంగా పనిచేసుకుంటూ బతుకుదెరువు కోసమే కొన్నవాళ్లు దాని కిందికి రారు. ఇంట్లోవాళ్లతో కలిసి నడుపుకునే చిన్న ప్రెస్సులు, బైండింగ్ షాపులు చాలావరకు ఇలాంటివే. ఆ సంగతి ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మా వకీలు సాబ్ అదే దారిలో నోటీసు పంపించారు, జవాబు కోసం చూస్తున్నాం.

కొత్తగా కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు అప్లికేషన్ నంబరు కాదు, పేటెంటు నంబరు రాయించుకోండి. కొటేషన్లోనే ‘పేటెంటు నంబరు ఫలానా, ఈ తేదీ నాటికి అమల్లో ఉంది’ అని ఉండాలి. నోటితో చెప్పి కాగితం మీద రాయనంటే మీకు జవాబు దొరికినట్టే. ఇప్పటికే కొన్నవాళ్లు బ్రోషర్, కొటేషన్, జీఎస్టీ బిల్లు, వాట్సాప్ మెసేజీలు ఏవీ పారేయకండి. మెషీన్ మీది ప్లేటును నంబరు కనపడేలా ఫోటో తీసి పెట్టుకోండి, సర్వీసుకు వచ్చినప్పుడు ప్లేటు మార్చేస్తున్నారని కరీంనగర్ నుంచి ఒక అన్న చెప్పాడు. నంబరు పంపితే నేనే ఫైలు చూసి ఏ దశలో ఉందో చెబుతాను, దానికి డబ్బులేమీ అక్కర్లేదు.