ఇంటి వాషింగ్ మెషిన్ మొరాయిస్తే: సెల్ఫ్ సర్వీస్ లాండ్రీ ఎంతవరకు పనికొస్తుంది?

ఉతకడంలో లాండ్రోమాట్ (డబ్బులు వేసి మన బట్టలు మనమే ఉతుక్కునే సెల్ఫ్ సర్వీస్ దుకాణం) మెషిన్ ఇంటిదానికంటే అంత గొప్పదేమీ కాదు. తేడా అంతా డ్రమ్ము సైజులో, ఆరబెట్టడంలో. డబ్బు ఎక్కువగా కరిగేదీ ఆ ఆరబెట్టే దగ్గరే.

ఇంట్లో ఫ్రంట్ లోడ్ మెషిన్ నీళ్లతో సహా ఆగిపోయిందా? ముందు ప్లగ్ తీసేయండి. వేడి నీళ్లయితే చల్లారనివ్వండి. ముందువైపు అడుగున చిన్న మూత వెనక డ్రెయిన్ ఫిల్టర్ ఉంటుంది. కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, దాన్ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ నీళ్లు దించాలి. ఒక్కోసారి గుండీయో, నాణెమో అక్కడే దొరికి, లాండ్రీకి వెళ్లే పనే తప్పుతుంది. తప్పకపోతే తడి బట్టల్ని ఆ పూటే తీసుకెళ్లండి. మూటగట్టి రాత్రంతా వదిలేస్తే పట్టే ముక్క వాసన ఒక పట్టాన పోదు.

అక్కడ మెషిన్ల మీద రాసే కిలోలు పొడి బట్టల బరువు. డ్రమ్ములో పావు వంతు ఖాళీ ఉండాలి. కూరేస్తే బట్టలు పైకి లేచి పడవు, మురికి వదలదు. రగ్గు ఒక్కటే వేసినా చిక్కే. బరువంతా ఒకవైపు చేరి మెషిన్ స్పిన్ తగ్గించేస్తుంది, రగ్గు నీళ్లోడుతూ బయటికొస్తుంది. తోడుగా రెండు తువ్వాళ్లు వేస్తే సర్దుకుంటుంది. బట్టలు వేసేముందు తలుపు రబ్బరు మడతల్ని తెల్ల గుడ్డతో తుడిచి చూడాలి. ముందువాళ్ల రంగో, బ్లీచో మిగిలి ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది సబ్బు దగ్గర. ఈ మెషిన్లు తక్కువ నీళ్లతో, ఇంటి మెషిన్ కంటే తక్కువ సేపట్లో పని ముగిస్తాయి. చల్లని నీళ్లలో పొడి సరిగా కరగక తెల్ల చారలు మిగులుతాయి, లిక్విడే మేలు. అదీ ప్యాకెట్ మీద చెప్పినంతే. నురగ ఎక్కువైతే బట్టలు ఒకదానికొకటి రాసుకోవు, జాడింపుకి సబ్బు పూర్తిగా పోదు. తువ్వాళ్లు అట్టల్లా బిగుసుకుంటాయి.

డ్రయ్యర్‌లో వేసేముందు ఒక తువ్వాలును చేత్తో మెలిపెట్టండి. నీళ్లు కారితే ఇంకో స్పిన్ తిప్పించడమే లాభం: వేడితో ఆవిరి చేయడం కంటే తిప్పి పిండడానికి కరెంటు చాలా తక్కువ పడుతుంది. జీన్స్, తువ్వాళ్లు ఒక విడత. పల్చటి చొక్కాలు వేరే విడత. కలిపేస్తే చొక్కాలు మాడేంత ఎండినా జీన్స్ నడుము పట్టీ తడిగానే ఉంటుంది. సగానికి మించి నింపకండి, పది పదిహేను నిమిషాలకోసారి చూసుకోండి. నూలు చొక్కాలు కాస్త చెమ్మగా ఉండగానే తీస్తే ముడతలు తక్కువ. వంటనూనె పీల్చిన గుడ్డలు మాత్రం ఉతికినవైనా వేయకూడదు. మిగిలిన నూనె గాలితో కలిసి వేడెక్కి, మడతపెట్టిన తర్వాత కూడా అంటుకోగలదు.

బొంతలు, రగ్గులు, ఇంటిల్లిపాది దుప్పట్లు ఒకేసారి తేలాలంటే ఈ సేవకు తిరుగులేదు. నాలుగు రోజువారీ బట్టలకైతే దండగ, బకెట్టే చాలు. దుకాణం మంచిదో కాదో తేల్చుకోవడానికి డ్రయ్యర్ జాలి లాగి చూడండి. దూది మందంగా పేరుకుని ఉంటే గాలి ఆడదు, బట్టలు ఆరవు, నిప్పు ప్రమాదం కూడా. అలాంటి చోట డబ్బులు వేయకుండానే వెనక్కి రావడం మంచిది.