పీఎస్‌ఆర్‌ఎన్‌ఏటార్గెట్ సర్వర్: మొక్కల ఒత్తిడి ప్రయోగాలకు ఎంతవరకు పనికొస్తుంది

మొక్కల్లో ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల పనిని తగ్గించే చిట్టి ఆర్‌ఎన్‌ఏ) ఏ జన్యువును అణచివేస్తుందో ఊహించి చెప్పే ఉచిత వెబ్ సర్వర్ ఇది. ఇచ్చేది అనుమానితుల జాబితా, అంతే. అలా వాడితే మంచి పనిముట్టు.

వాడకం తేలికే. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 21 అక్షరాల వరుసను 5 ప్రైమ్ (మొదటి) కొస నుంచి 3 ప్రైమ్ (చివరి) కొస వైపు, ఫాస్టా అనే సాదా టెక్స్ట్ రూపంలో అతికించి, ట్రాన్స్‌క్రిప్ట్ లైబ్రరీ (లక్ష్యాలను వెతకాల్సిన ఆ మొక్క ఆర్‌ఎన్‌ఏ వరుసల సంపుటి) ఎంచుకుంటే చాలు. పని చెడేది ఆ లైబ్రరీ దగ్గరే. ప్రోటీన్ కోడ్ ఉన్న భాగం (సీడీఎస్) ఒక్కటే అప్‌లోడ్ చేస్తే అసలైన లక్ష్యాలే జారిపోతాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ మొక్కలో ఫాస్ఫేట్ కొరతప్పుడు మిర్-399 పట్టుకునే పీహెచ్‌ఓ2 జన్యువు స్థానాలు ఐదూ 5 ప్రైమ్ యూటీఆర్‌లోనే (ప్రోటీన్ కోడ్‌కు ముందుండే భాగం) ఉన్నాయి. నీటి ఎద్దడిలో మిర్-169 తగ్గి దాని లక్ష్యమైన ఎన్‌ఎఫ్-వైఏ5 పెరుగుతుంది. ఆ స్థానం 3 ప్రైమ్ యూటీఆర్‌లో (కోడ్ తర్వాతి భాగం) ఉంది. అందుకే రెండు యూటీఆర్‌లూ కలిసిన పూర్తి సీడీఎన్‌ఏ వరుస ఇవ్వాలి.

ఫలితంలో ఒక్కో జతకు ఇచ్చే ఎక్స్‌పెక్టేషన్ స్కోరు ఎంత తక్కువుంటే జత అంత బాగా కుదిరినట్టు. 2017 వెర్షన్‌లో డిఫాల్ట్ పరిమితి 5. ఇది మరీ వదులు, చేంతాడంత జాబితా వస్తుంది. ముందు 3తో నడిపి, తెలిసిన లక్ష్యం కనబడకపోతేనే పెంచడం మేలు. జీ-యూ అక్షరాల బలహీన జతకు 0.5, మిగతా పొసగని జతలకు 1 చొప్పున వేస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 2–13 స్థానాల్లో అయితే 1.5 రెట్లు.

స్కోరు ఒక్కటే నమ్మితే బోల్తా పడతారు. ఐపీఎస్1 అనే ఆర్‌ఎన్‌ఏ మిర్-399తో జతకడుతుంది, కానీ కోత పడాల్సిన చోట మూడు అక్షరాల ఉబ్బు ఉండటంతో తెగదు, పైగా మిర్-399నే పట్టి ఉంచుతుంది. ఇలాంటి ఎరకూ లక్ష్యానికీ తేడా తెలియాలంటే ఫలితంలోని జత బొమ్మలో 10, 11 స్థానాలు కళ్లతో చూసుకోవాల్సిందే. అక్కడ జత కుదరకపోతే సర్వర్ ‘అనువాద నిరోధం’ (ఆర్‌ఎన్‌ఏ తెగకుండా ప్రోటీన్ తయారీ ఆగడం) అని రాస్తుంది; అది కొలిచి చెప్పింది కాదు, ఊహ.

ఒత్తిడిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుందా తగ్గుతుందా అన్నదీ సర్వర్ చెప్పదు. రాగి కొరతలో మిర్-398 పెరిగి సీఎస్‌డీ1, సీఎస్‌డీ2 జన్యువులను తగ్గిస్తుంది. ఆక్సిడేటివ్ ఒత్తిడిలో తానే తగ్గి వాటిని పెరగనిస్తుంది. రెండు సందర్భాల్లోనూ స్కోరు ఒక్కటే. కాబట్టి ఒకే కణజాలం, ఒకే వేళ తీసిన నమూనాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏను, లక్ష్యాన్ని రెండింటినీ కొలవాలి. కోతను 5 ప్రైమ్ రేస్‌తో (తెగిన ఆర్‌ఎన్‌ఏ ముక్క కొసను కనుక్కునే పరీక్ష) నిర్ధారించేటప్పుడు 10–11 స్థానాలను మైక్రో ఆర్‌ఎన్‌ఏ 5 ప్రైమ్ కొస నుంచి లెక్కపెట్టాలి. లక్ష్యం వైపు నుంచి లెక్కిస్తే సరైన కోత కూడా తప్పుగా కనిపిస్తుంది.