నలుగురి కళ్ళతో ఎంచుకున్న కళ్ళజోడు

విజయవాడ గవర్నరుపేటలో, బీసెంట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలో రెండంతస్తుల కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మూడు నెలల కిందట అక్కడ, దూరానికీ దగ్గరికీ కలిపి పనికొచ్చే ప్రోగ్రెసివ్ అద్దాలతో కళ్ళజోడు చేయించుకున్నాను. దుకాణం పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసిన పని ఒకటి, తప్పుపట్టవలసిన పని ఒకటి అదే కప్పు కింద జరిగాయి. పైగా ఆ తప్పులో నా వాటా కూడా తక్కువేమీ కాదు.

నాకు నలభై ఏడేళ్ళు. జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతాను. దూరపు చూపుకు చిన్నప్పటి నుంచే మైనస్ మూడు పవర్ ఉంది. ఇప్పుడు దానికి చత్వారం తోడైంది. జవాబుపత్రం చూడాలంటే కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకోవడం, ఎదుటి మనిషిని చూడాలంటే మళ్ళీ దించుకోవడం, ఈ కసరత్తు స్టాఫ్ రూములో నవ్వులాటగా మారాక, రెండు చూపులూ ఒకే అద్దంలో కుదిరేలా చేయించుకుందామని ఒక ఆదివారం ఉదయం బయలుదేరాను. ఒక్కడినే వెళ్ళి ఉంటే ఈ సమీక్ష నాలుగు వాక్యాల్లో ముగిసేది. మా ఆవిడ, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, ఆ వారం ఇంటికొచ్చిన మా బావమరిది కూడా వచ్చారు.

ముందుగా మెచ్చుకోవలసింది పైఅంతస్తులోని పరీక్ష గది. బయట బెంచీ మీద నా వంతు కోసం కూర్చున్నప్పుడు, లోపల ఒక పెద్దాయన బిగ్గరగా చదువుతున్న అక్షరాలు తలుపు సందులోంచి వినిపిస్తూనే ఉన్నాయి. తర్వాత నేను ఆ కుర్చీలో కూర్చుని చివరి వరుస వైపు చూసేసరికి, ఆ అక్షరాలు కంటికి కనిపిస్తున్నాయో చెవికి గుర్తొస్తున్నాయో నాకే తేలలేదు. రెండు అక్షరాలు చదివానో లేదో పరీక్ష చేసే అమ్మాయి రిమోట్ నొక్కి వరుస మార్చేసి, "ముందాయన చదివింది విన్నారు కదండీ" అని నవ్వింది. 1862లో డచ్ కంటివైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ తయారుచేసిన అక్షరాల పటానికి ఈ తెరలన్నీ వారసులే. అద్దాలు ఎంత మారినా, ఆ పరీక్ష నిలబడేది మాత్రం చదివేవాడు ఇంకొకరి మాట మీద కాకుండా తన కంటి మీదే ఆధారపడి జవాబు చెబుతాడన్న ఒక్క నమ్మకం మీద.

ఆ తర్వాత చిన్న పిడి ఉన్న అద్దాన్ని కంటి ముందు తిప్పుతూ "మొదటిది బాగుందా, రెండోదా?" అని అడిగే ఘట్టం వచ్చింది. కంటి వంపులోని తేడాను సరిచేసే సిలిండర్ పవర్ తేల్చేది దీనితోనే. పరీక్షలు పెట్టడమే వృత్తి అయిన నాకు, ఆ ప్రశ్నకు ఎక్కడో ఒక సరైన జవాబు రాసిపెట్టి ఉందని, అది చెప్పకపోతే ఆ అమ్మాయి ముందు చిన్నబోతానని అనిపించింది. రెండూ ఒకేలా కనిపిస్తున్నా ఆమె గొంతు ఎటు మొగ్గుతుందో పసిగట్టి "రెండోదే" అంటూ వచ్చాను. మూడోసారికి ఆమె గుర్తుపట్టింది. "ఒకేలా ఉంటే ఒకేలా ఉన్నాయనే చెప్పండి సార్, మేం చూసేది దాని కోసమే" అంది. నిజంగా ఆ పరీక్షలో తేడా లేదన్న జవాబు దగ్గరే లెక్క కుదిరినట్టు. నేను ఓటమి అనుకున్నది ఆమె వెతుకుతున్న చోటు. అప్పటిదాకా చెప్పినవన్నీ పక్కన పెట్టి, విసుగు లేకుండా మొదటి నుంచీ మళ్ళీ చేసింది. దాదాపు ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. ఇంత ఓపికగా చూసిన చోటు నాకు ఈ ఊళ్ళో ఇంకొకటి తగల్లేదు.

కింది అంతస్తుకు దిగాక కథ వేరు. ఫ్రేముల గదిలో నాలుగు వైపులా అద్దాలు, కళ్ళు చెదిరే దీపాలు. మైనస్ పవర్ ఉన్నవాళ్ళందరికీ తెలిసిన ఒక చిక్కు ఇక్కడ ఉంది. అమ్మకానికి పెట్టిన ఫ్రేముల్లో ఉండేది పవర్ లేని డమ్మీ అద్దం. కాబట్టి మన కళ్ళజోడు తీసి అది పెట్టుకోగానే ఎదురుగా ఉన్న నిలువుటద్దంలో మన ముఖమే మసకబారుతుంది. ఎలా ఉన్నామో తెలుసుకోవాలంటే పక్కవాళ్ళ ముఖాలు చూడాలి. అవి కూడా మసకే కనుక వాళ్ళ మాటలు వినాలి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లో, మనిషికి తన గురించి ఉండే భావన ఎదుటివారి అద్దంలో ఏర్పడుతుందని రాశాడు. ఎదుటివారికి ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం, దాన్ని చూసి వారు ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాం, ఆ ఊహను బట్టి గర్వమో సిగ్గో పడతాం. ఆయన దాన్ని పోలికగా చెప్పాడు. గవర్నరుపేట దుకాణంలో నాకు అది అక్షరాలా జరిగింది.

నా చేయి మొదట వెళ్ళింది సన్నని గోధుమరంగు మెటల్ ఫ్రేము మీదికి. బరువే తెలియలేదు. పెట్టుకుని తిరిగేసరికి మా బావమరిది "అది రిటైరైనవాళ్ళది బావా" అన్నాడు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. దాన్ని మారుమాట లేకుండా ట్రేలో పెట్టేశాను. తర్వాత పదిహేను ఫ్రేములు ముఖం మీదికి ఎక్కి దిగాయి. మా ఆవిడ "మీకు ఏది సుఖంగా ఉంటే అది" అంది. నేను దాన్ని "ఏదీ బాగా లేదు" అన్న అర్థంలో తీసుకున్నాను. చివరికి మందపాటి నల్లని చట్రం దగ్గర అమ్మకాల కుర్రాడు "ఇప్పుడు అందరూ ఇవే తీసుకుంటున్నారు సార్, ప్రొఫెసర్ లుక్ వచ్చేసింది" అన్నాడు. అందరూ తలలూపారు. "ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెదొకదారి" అని పిల్లల్ని దెప్పే నేను, ఉలిపికట్టెను కావడానికి అరనిమిషం కూడా ప్రయత్నించలేదు.

ఆ ప్రొఫెసర్ లుక్ మీద ఒక మాట. కళ్ళజోడు ఉన్నవాళ్ళు తెలివైనవాళ్ళుగా కనిపిస్తారన్నది ఉత్త మాట కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు మైకేల్ ఆర్గైల్, రాబర్ట్ మెక్‌హెన్రీ 1971లో ప్రచురించిన పరిశోధనలో, మనిషిని పదిహేను సెకన్లు మాత్రమే చూసినవాళ్ళు కళ్ళజోడు ఉన్నవారికి ఎక్కువ తెలివి అంటగట్టారు. అదే మనిషి ఐదు నిమిషాలు మాట్లాడటం చూశాక ఆ తేడా మాయమైంది. ఏడాది పొడవునా నా పాఠం వినే పిల్లల ముందు ఈ ఫ్రేము నాకు ఏ విధంగానూ పనికిరాదని దీని అర్థం. ఆ సంగతి తెలిసీ డబ్బు కట్టాను. బిల్లు దగ్గర "బ్లూ కట్ కూడా వేయించుకుంటారు సార్ అందరూ" అన్నారు. తెరల నుంచి వచ్చే నీలికాంతిని కొంత అడ్డుకుంటుందని చెప్పే ఆ పూతా వేయించుకున్నాను. కంప్యూటర్ ముందు కలిగే కంటి అలసటను ఆ పూత తక్కువ కాలంలో తగ్గించకపోవచ్చని, 17 ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్ష 2023లో తేల్చింది. అది నేను చదివింది డబ్బు కట్టిన తర్వాత. ఫ్రేము 2,800, అద్దాలు 7,400 అయ్యాయి.

ఇక తప్పు దగ్గరికి వస్తాను. ప్రోగ్రెసివ్ అద్దంలో పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి, మధ్యలో సన్నని దారిలా రెండింటినీ కలిపే భాగం ఉంటాయి. కనుక ఫ్రేము పెట్టుకుని మనిషి మామూలుగా నిలబడినప్పుడు కంటిపాప ఏ ఎత్తులో ఉందో డమ్మీ అద్దం మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టాలి. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా మెడకు పని పడుతుంది. పైన పరీక్ష చేసిన అమ్మాయి అప్పటికి మరొకరిని చూస్తోంది; ఆదివారం రద్దీలో ఆ గుర్తు అమ్మకాల కుర్రాడే పెట్టాడు. సరిగ్గా ఆ సమయానికి మా అమ్మాయి "నాన్నా, ఇటు చూడు" అంటూ ఫోనుతో ఫొటోలు తీస్తోంది, అమ్మమ్మగారి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి. ఫొటోలో గడ్డం కింద మడత కనిపించకూడదని నేను తల కాస్త పైకెత్తి నిలబడ్డాను. కుర్రాడు ఆ తలకే గుర్తు పెట్టాడు.

వారం తర్వాత కళ్ళజోడు చేతికొచ్చింది. దూరం బ్రహ్మాండంగా ఉంది. చదవాలంటే మాత్రం గడ్డం ఆకాశానికి ఎత్తాలి. ఫోన్ చేసి చెబితే "ప్రోగ్రెసివ్‌కి మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది సార్, అలవాటైపోతుంది" అన్నారు. ఇందులో నిజం లేకపోలేదు. కొత్త ప్రోగ్రెసివ్‌కు కన్ను కుదురుకోవడానికి కొన్ని రోజులు పట్టడం మామూలే. అందుకే ఆ మాటను ఎదిరించడం కష్టమైంది. స్టాఫ్ రూములో ప్రోగ్రెసివ్ వాడుతున్న ఇద్దరిని అడిగాను, వాళ్ళూ అదే చెప్పారు. నా మెడ కాదంటున్నా, అందరికీ కుదిరింది నాకు కుదరకపోతే లోపం నాలోనే ఉందని పన్నెండు రోజులు గట్టిగా నమ్మాను.

మనస్తత్వ శాస్త్రవేత్త సాల్మన్ ఆష్ 1951లో ప్రచురించిన ప్రయోగం నాకు గుర్తుకు రావలసింది అప్పుడే. అందులో పాల్గొన్న విద్యార్థులకు అది కంటిచూపు పరీక్ష అనే చెప్పారు. ఒక అట్ట మీద ఒక గీత, ఇంకో అట్ట మీద మూడు గీతలు. మొదటిదానితో సమానమైనది ఏదో చెప్పాలి, అంతే. ఒక్కరు తప్ప మిగిలినవాళ్ళంతా ముందే కూడబలుక్కుని, 18 సార్లలో 12 సార్లు ఒకే తప్పు గీతను చూపిస్తారు. ఒంటరిగా చూసినప్పుడు నూటికి ఒక్క తప్పు కూడా చేయని మనుషులు, ఆ గుంపు మధ్య ఆ 12 సందర్భాల్లో దాదాపు మూడో వంతు సార్లు గుంపు చెప్పిన తప్పునే పలికారు. గుంపులో ఇంకొక్కరు సరైన గీత చెబితే తప్పులు బాగా పడిపోయాయి. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోమన్నప్పుడు కూడా తగ్గాయి. 1955లో మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ అనే మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ లొంగుబాటును రెండుగా విడదీశారు. నలుగురిలో కలిసిపోవాలని లొంగడం ఒకటి, నలుగురికీ మనకంటే బాగా తెలిసి ఉంటుందని లొంగడం రెండోది. ఫ్రేము దగ్గర నాది మొదటి రకం, మెడనొప్పి దగ్గర రెండో రకం. మొదటిదానికి చిన్నతనంగా అనిపించింది కాని, నన్ను నిజంగా కలవరపెట్టింది రెండోది. ఎందుకంటే అప్పుడు నేను పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి అనుకోలేదు. లోపల కూడా అదే అనుకున్నాను.

ఈ పన్నెండు రోజుల్లో ఇంకొకటి కూడా జరిగింది. ఎత్తిన గడ్డం, మందపాటి నల్ల ఫ్రేము కలిసి కళాశాలలో వేరే అర్థం తెచ్చుకున్నాయి. "మాస్టారికి ఈ మధ్య తల కాస్త పైకి లేచిందే" అని ఒకాయన సరదాగా అన్నాడు. పిల్లలు వెనక బెంచీలో కూడా నిశ్శబ్దంగా కూర్చోవడం మొదలుపెట్టారు. వారం తిరిగేలోపు నేను మామూలుకంటే నెమ్మదిగా, ఒక్కో మాటా తూచి మాట్లాడుతున్నట్టు, ప్రశ్న అడిగిన పిల్లవాడి వైపు వెంటనే కాక ఒక క్షణం ఆగి చూస్తున్నట్టు గమనించుకున్నాను. మూడు మిల్లీమీటర్ల తప్పు గుర్తు నాకు తెలియకుండానే నా చేత పెద్దమనిషి వేషం వేయించింది.

పదమూడో రోజు, మంగళవారం మధ్యాహ్నం, ఒక్కడినే వెళ్ళాను. దుకాణం ఖాళీగా ఉంది. పరీక్ష చేసిన అమ్మాయి కళ్ళజోడు చూస్తూనే "గుర్తు కిందికి పడింది సార్" అని, నన్ను నిలబెట్టి, తన కళ్ళను నా కళ్ళ ఎత్తుకు తెచ్చి, "మామూలుగా ఉండండి" అని చాలాసేపు ఊరుకుంది. మామూలుగా ఉండటం ఎలాగో కాసేపు నాకు తోచలేదు. తర్వాత తల దానంతట అదే దిగింది. కొత్త గుర్తు పెట్టింది. అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా ఆరు రోజుల్లో అద్దాలు మార్చి ఇచ్చారు. ఫోన్‌లో నాతో మాట్లాడిన తీరుకు క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ దుకాణానికి వెళ్ళేవారు వారం మధ్యలో వెళ్ళండి. ప్రోగ్రెసివ్ అయితే గుర్తు పైగదిలోని వాళ్ళ చేతే పెట్టించుకోండి. ఫ్రేము ఎంచుకునేటప్పుడు పాత కళ్ళజోడుతోనే గాజుపెట్టె ముందు నిలబడి, మీకు నచ్చినవాటి నంబర్లు, వెంట వచ్చినవాళ్ళు నోరు తెరవకముందే, చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. బ్లూ కట్ వద్దంటే వాళ్ళు పట్టుబట్టరు. నేను అనలేదు, అంతే.

అద్దాలు తెచ్చుకున్న రోజు ట్రేలో ఆ గోధుమరంగు ఫ్రేము ఇంకా ఉంది. ఇంట్లో చదువుకోవడానికి దానిలో మామూలు అద్దాలు వేయించుకున్నాను, అన్నీ కలిపి 1,900. రాత్రి అది పెట్టుకుని పత్రాలు దిద్దుతుంటే మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, కాసేపు చూసి, "ఆ రోజే ఇది తీసుకుని ఉండాల్సింది, నాకు మొదటి నుంచీ ఇదే నచ్చింది" అంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరే ట్రేలో పెట్టేశారుగా, మీకు నచ్చలేదనుకున్నాను" అంది.